బ్రేకు మీద ఎవరి కాలు

హనుమకొండ,
28 ఆగస్టు 2025.

కమల వదినగారికి,

వినోద నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరు బాగున్నారని తేజస్వి పంపే ఫోటోల్లో కనిపిస్తూనే ఉంది. ప్రతి ఫోటోలో పిల్ల ఒక పక్క, మీరు ఒక పక్క, మధ్యలో ఆ కారు.

ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అడుగుతారు. మీ ఇంట్లో ఫోన్ మోగితే స్పీకర్ పెడతారు. నేను మిమ్మల్ని ఒక మాట అడిగితే మీ అబ్బాయి భానుచందర్ వంటింట్లోంచి జవాబు చెప్తాడు. పిల్లల పెళ్ళి నాడు మొదలైన మన ఉత్తరాలకు ఆ బాధ లేదు. పైగా నేను రాస్తుండగా మీరు మధ్యలో అడ్డు తగలలేరు.

విషయానికి వస్తాను. మీ రమ నాకు కోడలు, నా హరికృష్ణ మీకు అల్లుడు, వాళ్ళకు పుట్టింది తేజస్వి ఒక్కతే. ఏ లెక్కన చూసినా ఆ పిల్ల మీద మనిద్దరికీ చెరి సగం హక్కు ఉండాలి. కోయంబత్తూరులో ఉద్యోగం వచ్చింది, మేనమామ ఇల్లుండగా హాస్టల్ ఎందుకన్నారు. సరే అన్నాను. అప్పుడు నా సగం కూడా ఆ పెట్టెలోనే సర్ది పంపుతున్నానని తెలియలేదు.

పిల్ల తన జీతంతో పాత కారు కొని, వెనక సీట్లు పీకేసి, లోపల ఇనుప గొట్టాల పంజరం కట్టించి, ఆదివారాలు రేసు ట్రాకు మీద తిప్పుతోందని మీకు మొదటి రోజే తెలుసు. నాకు ఎప్పుడు తెలిసింది? జూలైలో, కారు మలుపు దగ్గర ఆగక టైర్ల గోడకు తగిలి, పిల్ల మణికట్టు వాచిన తరువాత. అదీ ఎవరో చెప్పి కాదు, హరికృష్ణ అరుపులు విని. “బ్రేకు పట్టని కార్ల తిరుగుడేంది? నేనే పోత, గా కారు అమ్మి వస్త. ఇగ మాట లేదు!” అని ఇల్లదిరేలా అరిచాడు.

రమ ఎలాగో నచ్చజెప్పి నవంబరు దాకా ఆపింది. ఈలోపు పిల్ల బ్రేకు పెడల్ సరంజామా మొత్తం మార్చేస్తుందట. నవంబరులో ట్రాకు మీద నాన్న ఎదురుగా సరిగ్గా ఆగి చూపిస్తే కారు దక్కుతుందని దాని ఆశ.

పెడల్ అంటే ఏమిటి వదినగారూ? ఒక కీలు, ఒక కడ్డీ, దాని మీద బలం. మీట. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మనిషి ఇక్కడ కూర్చుని ఉంటే, ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడగలేదు. మిమ్మల్ని అడిగిందా? అది మాత్రం రాయండి. అడగలేదని రాస్తే సంతోషిస్తాను. అడిగిందని రాస్తే మీ ఉత్తరం దారిలో పోయిందనుకుంటాను.

ఇట్లు,
సగం హక్కుదారు
వినోద.


కోయంబత్తూరు,
8 సెప్టెంబరు 2025.

వినోద వదినగారికి,

మీ ఉత్తరం అందింది. ఒకసారి చదివి నవ్వాను. రెండోసారి చదివి కోపం తెచ్చుకున్నాను. ఇది ఆ రెండోసారికి జవాబు.

హనుమకొండ చౌరస్తాలో మా నాయన గిన్నెల దుకాణంలో పెరిగిన దాన్ని. సగమంటే ఎంతో నాకు తక్కెడ లేకుండానే తెలుసు. పిల్ల పుట్టినప్పటి నుంచి ఇంజనీరింగ్ అయ్యేదాకా మీ ఒళ్ళోనే ఉంది. వేసవిలో నా దగ్గరికి వస్తే, దానికి పరాయి నీళ్ళు పడవని కబురు పెట్టి వారం తిరక్కుండా పిలిపించుకున్నారు. అప్పుడు ఈ సగం లెక్క ఎటు పోయింది?

పెడల్ సంగతి అడిగారు కదా, చెప్తాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో కారు పెట్టుకుంది. ఆఫీసు నుంచి వచ్చి తల కిందికి, కాళ్ళు పైకి పెట్టి స్టీరింగు కిందకి దూరుతుంది. కాఫీ తీసుకుపోతే కాళ్ళు కనిపిస్తాయి, మనిషి కనిపించదు. ఆ కాళ్ళకే కాఫీ చూపించి గట్టు మీద పెట్టి వస్తాను.

పాత పెడల్ పైనుంచి వేలాడేదట. కొత్తది కింద నేల మీద నిలబడుతుంది, మన కుట్టు మిషన్ తొక్కుడు బల్లలాగా. ముందు వైపు ఇడ్లీ పాత్రంత నల్లటి డబ్బా ఒకటి ఉండేది, బూస్టరట. దాన్ని కూడా పీకి పారేసింది. మంచి వస్తువు ఎందుకు పారేస్తున్నావే అని అడిగితే, “గది కాలికి సాయం జేస్తది అమ్మమ్మా. గని కింద టైర్లు ఏమంటున్నయో కాలికి తెల్వనియ్యది,” అంది. నాకు సగం అర్థమయింది. మీ సగం కాదు, నా సగం.

నన్ను ఏమైనా అడిగిందా అన్నారు. అడిగింది. “అమ్మమ్మా, జర టార్చి పట్టుకో,” అంది. పట్టుకున్నాను. చెయ్యి గుంజుతున్నా అది చాలు అనేదాకా పట్టుకున్నాను. అందులో కూడా మీకు వాటా కావాలంటే రైలెక్కి రండి, రెండో టార్చి కొనిపెడతాను.

మీ వియ్యపురాలు
కమల.


హనుమకొండ,
17 సెప్టెంబరు 2025.

కమల వదినగారికి నమస్కారం.

టార్చి పట్టుకున్న చేతి నొప్పి తగ్గిందా? నువ్వుల నూనె వెచ్చచేసి రాయండి.

నిన్న తేజస్వి ఫోన్ చేసింది. మీ షెడ్డులోంచే చేసింది, కానీ మీరు గుడికి వెళ్ళారట. “బాపమ్మా, నీకు మీటల లెక్క యాదున్నదా?” అని అడిగింది. నాకు నా పేరు గుర్తుందా అని అడిగినట్టుంది. అయినా కోపం తెచ్చుకోలేదు, చూడండి నా ఓర్పు.

కొత్త పెడల్ అడుగున కీలు ఉంది. పైన పాదం ఆనుతుంది. మధ్యలో ఒక కడ్డీ బ్రేక్ ఆయిల్ ఉండే సిలిండరును తోస్తుంది. ఆ కడ్డీని తగిలించడానికి రెండు రంధ్రాలున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. ఏ రంధ్రంలో పెట్టాలన్నది ప్రశ్న. మా ఇంటికి వచ్చిన ఒక శుభలేఖ వెనక లెక్క వేసి చెప్పాను. బూస్టరు తీసేశాక కాలి బలమే దిక్కు. కీలుకు దగ్గరగా తోస్తే కాలి బలం ఎక్కువ రెట్లవుతుంది. కాబట్టి కింది రంధ్రం. అందుకు బదులుగా కాలు కాస్త ఎక్కువ దూరం వెళ్ళాలి, అంతే. “సూపర్ బాపమ్మా, కింది రంధ్రమే ఖాయం,” అంది. ఈ ముక్క మీరు రెండుసార్లు చదువుకోవచ్చు.

ఇంకో సంగతి చెప్పింది. ఒక్క పెడల్‌కు రెండు సిలిండర్లట, ఒకటి ముందు చక్రాలకు, ఒకటి వెనక చక్రాలకు. మధ్యలో ఒక కడ్డీని తిప్పితే ఎవరి వాటా ఎంతో మారిపోతుందట. నాకు వెంటనే అర్థమయింది. దసరా సెలవులు మీ ఇంట్లో ఎన్నాళ్ళు, మా ఇంట్లో ఎన్నాళ్ళు అని మీ రమ ఇన్నేళ్ళూ చేసింది అదే పని.

హరికృష్ణ విని, “అమ్మా, నువ్వు గూడ దానికి వత్తాసేనా?” అన్నాడు. వత్తాసు కాదురా, లెక్క అన్నాను. లెక్క సరైతే కారు ఆగుతుంది. కారు ఆగితే వాడి నోరు ఆగుతుంది.

పిల్ల సిమెంటు నేల మీద పడుకుని పని చేస్తోందని తెలిసి కొత్తవాడ నుంచి మంచి జంపఖానా ఒకటి తెప్పించి పంపుతున్నాను. వీపు కింద వేసుకోమనండి. బూస్టరు లేని పెడల్ తొక్కడానికి బలమైన కాళ్ళు కావాలట. మీ కాళ్ళ విషయంలో ఎవరికీ అనుమానం లేదు, పిల్లకు కూడా ఆ పోలిక వచ్చి ఉంటే మంచిదే.

కింది రంధ్రం తరఫున
వినోద.


కోయంబత్తూరు,
4 అక్టోబరు 2025.

వినోద వదినగారికి,

దసరా శుభాకాంక్షలు. జమ్మి ఆకు కవరులో పెట్టాను. నలిగి ఉంటే పోస్టు వాళ్ళను అనండి, నన్ను కాదు.

నా కాళ్ళ గురించి రాశారు. చదివి ఒక పూట అన్నం సహించలేదు. మా ఇంటి ఆడవాళ్ళ కాళ్ళు పెళ్ళిచూపుల నాడే చూసుకున్నారు కదా, ఇప్పుడు రాయడమేమిటి అనుకున్నాను. తరువాత దేవుడు నా వైపు చూశాడు. ఆ కాళ్ళే పనికొచ్చాయి.

ఇక్కడ ఆయుధపూజ పెద్ద పండుగ. పొద్దున్నే షెడ్డు కడిగి, కారుకు బంతిపూల దండ వేసి, పానాలకు, జాకీకి, కొత్త పెడల్స్‌కు నా చేత్తోనే పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. గుమ్మడికాయ భానుచందర్ కొట్టాడు. పూజ కాగానే పిల్ల, “ఇయ్యాల్నే గాలి తీసేద్దాం,” అంది.

గాలి తీయడమంటే మీకు శుభలేఖ వెనక దొరకదు, నేను చెప్తాను. కొత్త గొట్టాల్లో బ్రేక్ ఆయిల్‌తో పాటు గాలి చిక్కుకుని ఉంటుంది. దాన్ని బయటికి పంపాలి. ఒకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్ అనే చిన్న మర విప్పాలి, ఇంకొకరు డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. భానుచందర్ వచ్చాడు. “నువ్వు వద్దు మామా, ఫోన్ సూస్కుంట తొక్కుతవ్. అమ్మమ్మ కూసుంటది,” అంది.

నేను కూర్చున్నాను వదినగారూ. డ్రైవరు సీట్లో. పిల్ల “నొక్కు” అంటే నొక్కాను, “పట్టుకో” అంటే పట్టుకున్నాను, “వదులు” అంటే వదిలాను. నాలుగు చక్రాలూ అయ్యేదాకా దిగలేదు. “మస్తు ఓపిక అమ్మమ్మా నీకు,” అని నా బుగ్గకు ఆయిల్ చేత్తో ముద్ర వేసింది. రెండు రోజులు కడుక్కోలేదు.

మీ కింది రంధ్రం ఎక్కడుందో నాకు కనిపించలేదు. నా కాలు మాత్రం దాని పైనే ఉంది.

కమల.


హనుమకొండ,
11 అక్టోబరు 2025.

కమల వదినగారికి,

ఫోటో చూశాను. ఆగి ఉన్న కారులో సీటు బెల్టు కూడా పెట్టుకున్నారు. రెండో ఫోటోలో నేను పిల్ల వీపు కిందికి పంపిన జంపఖానా మీ ముందుగదిలో సోఫా మీద పరిచి ఉంది. దాని మీద భానుచందర్ కూర్చుని ఉన్నాడు. దాని గురించి తరువాత మాట్లాడతాను.

నిన్న పిల్ల ఫోన్ చేసింది. గొంతు వింటేనే తెలిసింది, ఏదో అయిందని. పెడల్ మెత్తగా ఉందట. తొక్కితే స్పంజిలాగా దిగి దాదాపు నేలకు అంటుతోందట. “బాపమ్మా, నీ కింది రంధ్రంతోని కాలు బాగ దూరం పోతాంది. లెక్క తప్పిందేమోనే. పై రంధ్రంల పెడ్త,” అంది.

నా లెక్క! నేను దిద్దిన పేపర్లు ఒకదాని మీద ఒకటి పెడితే వేయి స్తంభాల గుడి కనిపించదు. దూరం వేరు, మెత్తదనం వేరు అని చెప్పాను. కాలు దూరం వెళ్ళి గట్టిగా ఆగితే అది నా లెక్క. మెత్తగా దిగితే అది గొట్టాల్లో గాలి. “గాలి లేదు బాపమ్మా, మొత్తం తీసినం. అమ్మమ్మ ఎంత ఓపికగ తొక్కిందో,” అంది. అంటే మీ ఓపిక మీద దానికి అనుమానం లేదు, నా చదువు మీద ఉంది.

పై రంధ్రంలో పెడితే కాలి బలం చాలదు, లోపలి గాలీ పోదు. అదే కారుతో నవంబరులో వాళ్ళ నాన్న ముందు ట్రాకెక్కుతుంది. కారు పోవడం అటుంచండి, అప్పుడు మణికట్టుతో పోయింది, ఈసారి ఎందాకా వెళ్తుందో.

అదృష్టం కొద్దీ పిల్ల ఆఫీసు పని మీద పుణె వెళ్తోంది. దీపావళికి తిరిగొచ్చేదాకా కారు షెడ్డులోంచి కదలదు, రంధ్రం మార్చదు, మాట తీసుకున్నాను. ఆ రోజు మీరు సీట్లో కూర్చున్నప్పటి నుంచి దిగేదాకా ఏం చేశారో వివరంగా రాయండి. కాలు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు. దేవుడి చూపు, బుగ్గ మీది ముద్ర అక్కర్లేదు. స్పీడ్ పోస్టులో పంపండి.

వినోద.


కోయంబత్తూరు,
16 అక్టోబరు 2025.

వినోద వదినగారికి,

నా పనిలో తప్పు వెతకాలని అడిగారని తెలుసు. వెతకండి. నాకు భయం లేదు.

ముందు జంపఖానా. దాన్ని చూసి పిల్లే, “గింత మంచిదాన్ని ఆయిల్ జేస్తనా? బాపమ్మ పంపింది, కండ్ల ముందట ఉండాలె,” అని తన చేత్తో సోఫా మీద పరిచింది. కింద అట్టపెట్టె చింపి వేసుకుంటోంది. భానుచందర్‌ను లేపేశాను.

ఇక పెడల్. పిల్ల వెనక చక్రం దగ్గర కూర్చుంటే నాకు కనిపించదు, నేను దానికి కనిపించను. కేకలే. “నొక్కు” అంటుంది. నొక్కుతాను. గట్టిగా ఉంటుంది. “పట్టుకో” అంటుంది. పట్టుకుంటాను. అప్పుడు అక్కడ నిపుల్ విప్పుతుంది కాబోలు, ఇక్కడ నా కాలి కింద పెడల్ దానంతట అదే కిందికి జారిపోతుంది, తడిమట్టిలో కాలు దిగినట్టు. అప్పుడే కదా నా చేత్తో పసుపు రాసి బొట్టు పెట్టాను. దాన్ని కాలితో తొక్కడమే పాపం అనుకుంటుంటే, అది తల వంచి దణ్ణం పెట్టినట్టు వంగిపోతే నా ప్రాణం ఒప్పుతుందా? కాలు తీసి, కుడిచేత్తో దాన్ని తాకి, కళ్ళకద్దుకుని, మళ్ళీ కాలు పెట్టాను. చాలా తొందరగా. ఈ వయసులో కూడా నేను అంత చురుగ్గా వంగుతానంటే రోజూ ముగ్గు వేయడం వల్లనే. పిల్ల నిపుల్ బిగించి “వదులు” అనే లోపల నా కాలు మళ్ళీ దాని మీదే ఉండేది.

అది జారిన ప్రతిసారీ అలాగే చేశాను. నాలుగు చక్రాలకూ, ఒక్కసారి కూడా మరిచిపోలేదు. పూజ చేసిన వస్తువుకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని మా అమ్మ నేర్పింది. ఫిజిక్స్ చెప్పేవాళ్ళకు ఇవి పట్టవేమో.

ఇంతే జరిగింది. ఇందులో తప్పుంటే చెప్పండి.

కమల.


హనుమకొండ,
22 అక్టోబరు 2025.

కమల వదినగారికి,

మీ ఉత్తరం నిలబడి చదివాను. తరువాత కూర్చుని చదివాను. తరువాత రమను పిలిచి పైకి చదివించుకున్నాను.

పిచికారీ మొనను గాలిలో ఉంచి వెనక్కి లాగితే ఏమవుతుంది? గాలి పీల్చుకుంటుంది. నిపుల్ విప్పి ఉన్నప్పుడు మీరు కాలు తీస్తే ఆ సిలిండరూ అదే చేస్తుంది. మీరు పెట్టిన ప్రతి దణ్ణానికీ ఒక బుడగ లోపలికి వెళ్ళింది. మీ భక్తి అంతా ఇప్పుడు ఆ గొట్టాల్లోనే ఉంది. అందుకే పెడల్ మెత్తగా ఉంది.

బ్రేకుల సంగతి పోస్టుకు వదలకూడదని ఉత్తరం మడవకముందే పిల్లకు ఫోన్ చేశాను. చెప్తుంటే నా గొంతులో సంతోషం ఉంది, మీ దగ్గర దాచను. ఇక అమ్మమ్మ వద్దు బాపమ్మా, నువ్వొచ్చి కూర్చో అంటుందని ఎదురుచూశాను. మనసులో పెట్టె సర్దుకున్నాను కూడా. ఆ సీట్లోకి దిగడానికి చీర అడ్డమవుతుందని, రమ పంజాబీ డ్రెస్సు ఒకటి చూసి పెట్టుకున్నాను. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పను.

పిల్ల ఏం చేసింది? నవ్వింది. ఊపిరి తిరగనంతగా నవ్వింది. “అయ్యో నా అమ్మమ్మా! బ్రేకుకు దండం పెట్టిందా! నా బంగారం!” అంటూ మళ్ళీ నవ్వింది. ఇప్పుడు ఎవరిని కూర్చోబెడతావే అంటే, “గామెనే. గంత మంచి మనిషి నాకెవ్వరు దొరుకుతరు?” అంది. ఫోన్ పెట్టేసేముందు మాత్రం, “కింది రంధ్రమే ఉంచుత లే బాపమ్మా,” అంది.

తప్పు చేసిన వాళ్ళకు ‘బంగారం’. ఒప్పు చెప్పిన వాళ్ళకు ‘లే’. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత అన్యాయపు మార్కులు నేను ఎవరికీ వేయలేదు.

ఇప్పుడు వినండి. బొట్టు తడిగుడ్డతో తుడిచేయండి. పిల్ల “వదులు” అని నోటితో అనేదాకా కాలు తీయకండి, పెడల్ పాతాళానికి దిగిపోయినా సరే. దణ్ణాలన్నీ లెక్కపెట్టుకుని చివర్లో ఒకేసారి పెట్టుకోండి. ఈ పని నేను చేసి ఉంటే ఇలా జరిగేది కాదు. నేను ఇక్కడున్నాను, ఆ సీటు అక్కడుంది.

వినోద.


కోయంబత్తూరు,
31 అక్టోబరు 2025.

వినోద వదినగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. ముందు నా కడుపులోది రాస్తాను, తరువాత పెడల్.

ఇంట్లో అందరూ నవ్వారు. పిల్ల ఆఫీసు స్నేహితులు వచ్చి, పాటీ, అంటే అమ్మమ్మ, దణ్ణం పెట్టిన పెడల్ ఏదని చూసి పోయారు. నేనూ వాళ్ళతో నవ్వాను. రాత్రి వంటకు చిక్కుడుకాయ తుంచుతుంటే మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. పిల్ల ప్రాణం మీదికి తెచ్చేదాన్ని కదా.

నన్ను ‘బంగారం’ అందని మీరు కుళ్ళుకున్నారు. ఆ బంగారానికి దొరికే మాటలు ఎన్నో తెలుసా? నొక్కు. పట్టుకో. వదులు. అంతే. మీతో ఫోన్లో ఎంతసేపు మాట్లాడుతుంది! నేను పక్కనే కూర్చుని వింటాను. రంధ్రం, దూరం, బలం. వాదిస్తుంది, అలుగుతుంది, “నీకు తెల్వది బాపమ్మా,” అని కసురుతుంది. నాతో ఒక్కసారీ వాదించలేదు వదినగారూ. ఎదుటి మనిషికి తెలుసనుకుంటేనే కదా వాదించేది. నన్ను ముద్దు పెట్టుకుంటుంది, టార్చి చేతికిస్తుంది. ఆ పెడల్ ఎందుకు జారుతుందో మీరు రాసేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే నవ్వుతారని.

ఇక పెడల్. ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. బొట్టు తుడిచాను. అది జారుతున్నప్పుడు పళ్ళు బిగించి కాలు అలాగే ఉంచాను. బుడగలు వస్తూనే ఉన్నాయని పిల్ల అరుస్తోంది. కాసేపటికి అరుపులు తగ్గాయి. ఆఖరున నొక్కితే కొంత దూరం పోయి రాయిలాగా ఆగింది. ఇంకా నొక్కాను, కదల్లేదు. నా మొత్తం బరువు మోపాను, కదల్లేదు. అటునుంచి పిల్ల, “చాలు అమ్మమ్మా, వదులు,” అంది. వదలబుద్ధి కాలేదు. అది ఎలా ఉంటుందో మీకు ఏ లెక్కలోనూ దొరకదు, అందుకే రాస్తున్నాను.

మీ కొడుకు ఎనిమిదో తేదీన వస్తున్నాడు. కొనేవాడితో మాట్లాడి పెట్టుకునే వస్తున్నాడని రమ చెప్పింది. పిల్ల సరిగా తినడం లేదు.

ఇంకొక ముక్క. ట్రాకు మీద పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చట. నన్ను ఎక్కించుకోమని అడిగాను. “బీపీ ఉన్నోళ్ళకు హెల్మెట్ ఇయ్యరు,” అంది. బాపమ్మకూ అదే చెప్పానంది. మీరు అడిగిన సంగతి నాకు రాయనేలేదు.

కమల.


హనుమకొండ,
12 నవంబరు 2025.

వదినా,

అడిగాను. రాయలేదు. మీరు వెళ్ళి నేను ఆగిపోతే రాసేదాన్ని, తిడుతూ.

మీ ఉత్తరం చదివి ఆరోజు ఏ పనీ చేయలేదు. వాదనను కూడా ఎవరైనా కోరుకుంటారని నాకు తెలియదు. నేను దాన్ని ముద్దుల కంటే తక్కువ కట్టాను. ఇకమీద మీకు ఏదైనా తెలుసుకోవాలనిపిస్తే పిల్లను అడగండి. నవ్వితే నాకు రాయండి. నేను చెప్తాను, మీరు పోయి దానితో వాదించండి.

ఆదివారం ట్రాకు దగ్గర ఏం జరిగిందో ఆ సాయంత్రమే పిల్ల మీకు చెప్పి ఉంటుంది. అయినా నేను రాయకుండా ఉండలేను. టార్చి పట్టింది మీరు. కాలు పెట్టింది మీరు. లెక్క వేసింది నేను. ఆ పక్క సీటు కావాలని అడిగింది ఇద్దరం. దక్కింది ఎవరికి? అమ్మేస్తానని ఊగిపోయిన నా కొడుక్కి. వాడికి బీపీ లేదా? నాకంటే ఎక్కువే ఉంది. మాత్ర వేసుకుని, పిల్ల తెచ్చిన హెల్మెట్ తగిలించుకుని, నోరు మూసుకుని కూర్చున్నాడట. మనం ఇన్ని నెలలు ఒకరినొకరు చూసి కుళ్ళుకున్నాం. చూడవలసిన మనిషి వేరే ఉన్నాడు.

ఇక ఇక్కడ జరిగింది మీకు తెలియదు. నిన్న పొద్దున దిగాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర రమ అడిగింది, కారు ఏమయిందని. పప్పు కలుపుకున్నాడు, సగం తిన్నాడు. తరువాత పళ్ళెం పక్కకు జరిపి, నీళ్ళ గ్లాసే కారన్నట్టు బల్ల మధ్యలో పెట్టాడు.

“అమ్మా, మలుపు గీడుంటది. నేను గీడనే బ్రేకు ఒత్తుతదనుకున్న. ఒత్తలే. గీడికొచ్చినా ఒత్తలే. గోడ కనవడుతాంది. అయిపోయింది మన కత అనుకున్న. గప్పుడు ఒత్తింది సూడు…”

బల్ల కింద వాడి కాలు నేలను గట్టిగా తొక్కింది. గ్లాసులో నీళ్ళు కదిలాయి.

“కారు గట్ల ముంగటికి వంగింది. నా పానం నోట్లెకొచ్చింది. గని నిలవడ్డదమ్మా. ఆగాల్సిన గీత మీదనే. మల్ల తిప్పుకొని నవ్వుతాంది, పొల్ల.”

“పెడల్ ఎట్లుందట?” అని అడిగాను.

“దూరం పోతదట. పోయి గట్టిగ ఆగుతదట. దానికి గట్లనే కావాలెనట.”

దూరం నాది వదినా. గట్టి మీది.

కారు అమ్మాడో లేదో రమ మళ్ళీ అడిగింది. వాడు ఆమె వైపు చూడకుండా, ముందు టైర్లు అరిగాయని, పిల్లకు కొత్తవి చూడాలని అన్నాడు. మళ్ళీ చూపించరా అన్నాను నేను. గ్లాసు వెనక్కి జరిపి మొదటి నుంచి చూపించాడు. గీడ ఒత్తలే, గీడ ఒత్తలే అంటూ వాడి చెయ్యి గోడ దాకా వచ్చేసరికి, బల్ల కింద నా కాలు వాడికంటే ముందే నేలను తొక్కేసింది. తొక్కి, అలాగే పట్టుకుని ఉంది. ఎవరూ చూడలేదు. మీకు రాస్తున్నాను.

వినోద.